ఫోన్లో పెద్ద సిస్టర్

ఆ ఏళ్లలో మా ఆసుపత్రిలో పుట్టిన పిల్లలందరూ కన్నతల్లి గొంతు కంటే ముందు పెద్ద సిస్టర్ గొంతు విన్నారు. అదీ ఎదురుగా కాదు, ఫోన్లో. ఆసిఫాబాద్ వైపు ఒక చిన్న సర్కారు ఆసుపత్రి మాది. ప్రసూతి గదిలో రెండు బల్లలు, గోడకు ఒక అలమర, అలమర మీద ఆవిరిపట్టిన దూదీ గుడ్డలూ పెట్టుకునే స్టీలు డ్రమ్ము. ఆ డ్రమ్ముకు ఆనించి గది ఫోను. దాని స్పీకర్ ఎప్పుడూ మోగుతూనే ఉండేది. "ముక్కు! నోరు మూసి గట్టిగ ముక్కు!" అని అందులోంచి కేక వస్తే, బల్ల మీదున్న ఆమెతో పాటు మేమందరమూ ముక్కేవాళ్లం.

ఆ ఫోనును మధ్యలో కట్ చేసిన మొనగత్తెను మా ఆసుపత్రిలో నేనొక్కదాన్నే. అదీ ఒక్కసారే. మొదటి కాన్పులో బిడ్డ ఏడుపు వినే భాగ్యం లేకుండా ఇంటికి పోయిన ఒక పడుచు, రెండో కాన్పుకు మా బల్ల ఎక్కిన రోజు అది. ఈసారైనా బిడ్డ ఏడవాలని ఆమె, ఆమె అత్త, దుబాయిలో ఉన్న ఆమె భర్త, మేమూ అందరమూ కళ్లలో వత్తులేసుకుని ఉన్నాం. ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు ఆ గొంతు సంగతి చెప్పాలి.

పెద్ద సిస్టర్ మా లేబర్ రూమ్ ఇన్‌చార్జి. కరీంనగర్ మనిషి. ఆసుపత్రి వెనకే క్వార్టర్లో ఉండేది. డ్యూటీ అయిపోయి ఇంటికి పోయినా మమ్మల్ని వదిలేది కాదు, వంట చేసుకుంటూ ఫోన్లో కాన్పులు చేయించేది. పని రాని మనిషి అధికారం చేస్తే ఎదురు తిరగొచ్చు. ఆమెకు పని వచ్చు, అదే మాకొచ్చిన చిక్కు. ఎదురుకాళ్లతో వస్తున్న బిడ్డను ఆమె అందుకున్న తీరు నేను కళ్లారా చూశాను. ఆ రోజు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. మొక్కబోతే "ముందుగాల గా నెత్తురు తుడువు" అంది.

ఆమె మెదడు, మేము వేళ్లు. వేళ్లకు ఆలోచనలెందుకని ఆమె లెక్క. నిజం చెప్పాలంటే మాకూ అదే హాయిగా ఉండేది. ఏదైనా తేడా వస్తే "మేడం చెప్పింది" అనొచ్చు. ఏదైనా చేయకపోతే "మేడం చెప్పలే" అనొచ్చు. ఈ రెండు మాటలు చేతిలో ఉంటే సర్కారు నౌకరీ సగం గడిచిపోతుంది.

అయితే ఆమెకు ఫోన్ చేయడానికి సమయం సందర్భం చూసుకోవాలి. ఆ విద్యలో మేము ఆరితేరాం. అటువైపు కుక్కర్ కూత పెడుతుంటే ఏమీ అడగకూడదు. పోపు చిటపటలాడుతుంటే అసలే అడగకూడదు. పోపు మాడితే ఆ మాడు వాసన మా మీదికే వచ్చేది. సీరియల్ నడుస్తుంటే ప్రకటనలు వచ్చేదాకా ఆగాలి. బిడ్డ గుండె చప్పుడు వినడం కంటే ఆమె వంటింటి చప్పుడు వినడం మాకు బాగా వచ్చు.

ఆమె కూడా ఊరికే అరిచేది కాదులెండి. జిల్లా మీటింగులో డాక్టరమ్మ తిట్లు తినొచ్చేది. డాక్టరమ్మ పెద్ద సిస్టర్‌ను అనేది, ఆమె మమ్మల్ని అనేది, మేము గది ఊడ్చే ఆయమ్మను అనేవాళ్లం, ఆయమ్మ కాన్పుకొచ్చిన ఆమెను అనేది. ఆమె ఇంకెవరిని అంటుంది? మొగుణ్ని తిట్టేది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు కదా, మా దగ్గర ఆ దుత్త చాలాసార్లు దుబాయిలో ఉండేది.

గది మాత్రం అద్దంలా ఉండేది. ఎక్కడి వస్తువు అక్కడ. బిడ్డకు ఊపిరి కొట్టే బ్యాగు డ్రమ్ముకు ఎడమ పక్కన, రోజూ పొద్దున్నే నొక్కి చూసి పెట్టాలి. కుడి పక్కన పెడితే ఆ రోజు చాయ్ గొంతు దిగేది కాదు. కానీ ఒక్కటి ఉండేది. మంచి మాట పరుగెత్తుకుంటూ పోయి ఆమె చెవిలో పడేది, చెడ్డ మాట మాత్రం కుంటుకుంటూ పోయేది. "మేడం, అంతా మంచిగనే ఉన్నది, గానీ..." అని మొదలుపెట్టేవాళ్లం. "గా గానీ తర్వాత ఏమున్నదో గది చెప్పు" అని అటునుంచి గర్జన. సరే అని చెడ్డ మాటే ముందు చెబితే, "గప్పటిదాక నువ్వేం జేస్తున్నవ్?" అని ఇంకో గర్జన. అందుకని ఎవరికి వాళ్లం ఇంకొంచెం చూద్దాం, అదే సర్దుకుంటుందేమో అని ఆగేవాళ్లం. చాలాసార్లు సర్దుకునేది కూడా. అదృష్టం అంటే అదే.

ఈ మధ్యలో నేను మిడ్‌వైఫ్ శిక్షణకు పోయాను. ఆ సంగతి చెప్పడానికి చొప్పదండిలో మా అమ్మగారింటికి పోతే అవ్వ వాకిట్లో మక్క కంకులు ఒలుస్తోంది.

"నర్సు నౌకరి చేస్తనే ఉంటివి. మల్ల మంత్రసానివి అయితందుకు సదువుడేందే?" అంది.

"గిప్పుడు దాన్ని మిడ్‌వైఫ్ అంటరే అవ్వా."

"ఏమన్న అను. మంత్రసానితనం ఒప్పుకున్నంక ఏదొచ్చినా పట్టాలె."

శిక్షణలో చాలా నేర్పారు. నొప్పులు పడే మనిషిని పడుకోబెట్టి ఉంచొద్దు, నడవనివ్వాలి, తనకు వీలైన తీరున కూర్చోనివ్వాలి, తనవాళ్లను ఒకరిని పక్కన ఉండనివ్వాలి, అరవొద్దు. నాయకత్వం మీద కూడా ఒక క్లాసు పెట్టారు. బిర్యానీ తిన్నాక పెట్టారు కాబట్టి అందులో ఏం చెప్పారో మాలో ఎవరికీ గుర్తులేదు. గోడ మీద బొమ్మలు మాత్రం రంగురంగులుగా ఉండేవి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, తిరిగొచ్చిన పొద్దునే పెద్ద సిస్టర్‌ను కూర్చోబెట్టి ఇదంతా ఏకరువు పెట్టాను. ఆమె చివరిదాకా వింది. అడ్డుపడకుండా వినడం చూసి నాకే భయం వేసింది.

"మంచిగ నేర్చుకొచ్చినవ్ బిడ్డా. శానా మంచిది" అంది. "ఇగ పోయి గా డ్రమ్ము తుడువు."

తుడిచాను. అది అప్పటికే తళతళలాడుతోంది.

తర్వాత కొన్నాళ్లకు ఆమె రిటైరైంది. శాలువా కప్పాం, దండ వేశాం. ఆమె మా అందరికీ సకినాలు చేసి తెచ్చింది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది మా ఆయమ్మ. ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది కూడా ఆమే. ఎందుకింత ఏడుస్తున్నావంటే "ఇగ నన్నెవ్వలు తిడ్తరు?" అని కొంగులో ముక్కు చీదింది. పెద్ద సిస్టర్ మాత్రం ఏడవలేదు. గేటు దాటుతూ వెనక్కి తిరిగి "రేపు పొద్దుగాల బ్యాగు నొక్కి సూడున్రి, మర్చిపోతరు" అని, కరీంనగర్‌లో సొంతింటికి పోవడానికి ఆటో ఎక్కింది.

ఆమె స్థానంలో వచ్చిన కొత్త సిస్టర్‌ది ఆదిలాబాద్. మాటలో జర మరాఠీ యాస, ఆడవాళ్లందరినీ "బాయి" అని పిలిచేది. ఆమె మాట వినాలంటే దగ్గరికి పోవాల్సిందే, అంత మెల్లగా మాట్లాడేది. మొదటి రోజు నేనే అడిగాను.

"మేడం, కిటికీ పక్కన మంచం ఆమెకు నొప్పులు జర తగ్గినయ్. ఏం జెయ్యాలె?"

"నువ్వేమంటవ్ బాయి?"

ఎవరినడుగుతోందా అని వెనక్కి తిరిగి చూశాను. నా వెనక గోడ తప్ప ఎవరూ లేరు. ఇన్నేళ్ల నౌకరీలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఏదో గొణిగి బయటపడ్డాను.

చాయ్ దగ్గర దీని మీద పెద్ద చర్చ జరిగింది. మా జూనియర్ సిస్టర్ "మనకు పరీక్ష పెడుతున్నది" అంది. ఆయమ్మ "ఆమెకే రాదేమో" అంది. నేను ఆయమ్మ పక్షం చేరాను. మేడంకే రాదు అనుకుంటే మనకు శ్రమ తక్కువ కదా.

తిట్టే నోరు లేకపోతే ఏమవుతుందో ఆ నెలలో చూశాను. మేము మారిపోలేదు, పాడైపోయాం. చాయ్ పావుగంటలు అరగంటలయ్యాయి. డ్రమ్ము మెరుపు తగ్గింది. ఎవరికి వాళ్లం చెప్పేవాళ్ల కోసం చూస్తున్నాం, చెప్పేవాళ్లేమో మమ్మల్ని అడుగుతున్నారు. ఆయమ్మ ఒక రోజు దండం పెడుతున్నట్టు చేతులు జోడించి "గీ మేడం దేవతనే. దేవతకైతే మొక్కుతం గని, పని ఎవ్వలు చేస్తరు?" అంది. కొత్త సిస్టర్ ఆ మాట విందో లేదో తెలియదు. మర్నాడు పొద్దున మేము వచ్చేసరికి ఆమె గుడ్డ పట్టుకుని డ్రమ్ము తుడుస్తోంది. ఆయమ్మ పరుగెత్తి గుడ్డ లాక్కుంది. "తిట్టినా మంచిగుండేది" అని ఆ రోజంతా పరేషాన్ అయింది.

అప్పుడు మేమొక ఘనకార్యం చేశాం. కరీంనగర్‌కు ఫోన్ చేశాం.

మొదట ఏదో ఒక్క సందేహం అని చేశాం. మొదటి రింగు పూర్తికాకముందే పెద్ద సిస్టర్ ఎత్తింది. "చెప్పు" అంది. పలకరింపులు లేవు, ఎట్లున్నవ్ అనలేదు, గర్భసంచి మూతి ఎంత వరకు తెరుచుకుంది, నీళ్లు పోయినయా, బిడ్డ గుండె ఎట్లున్నది అని వరసగా అడిగి ఏం చేయాలో చెప్పేసింది. మాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి ఫోన్ మళ్లీ డ్రమ్ముకు ఆనింది. మాకిప్పుడు ఇద్దరు సిస్టర్లు: కుర్చీలో ఒకరు, కుక్కర్ దగ్గర ఒకరు. కాన్పులు ఆసిఫాబాద్ వైపు, హుకుం కరీంనగర్ నుంచి. ఇదంతా కొత్త సిస్టర్ టిఫినుకు పోయినప్పుడు, రౌండ్సుకు పోయినప్పుడు గుట్టుగా నడిపించేవాళ్లం. పట్టపగలు అందరం కలిసి దొంగతనం చేస్తే గుట్టు ఎన్నాళ్లుంటుంది?

ఒక మధ్యాహ్నం ఆమె తొందరగా తిరిగొచ్చింది. గదిలో మేమందరం చేతులు కట్టుకుని డ్రమ్ము వైపు చూస్తున్నాం. సరిగ్గా అప్పుడే అలమర మీది నుంచి కుక్కర్ కూత పెట్టింది.

కొత్త సిస్టర్ చుట్టూ చూసి, "ఎవ్వలింట్ల అన్నం ఉడుకుతున్నది బాయి?" అంది.

అలమర మీది నుంచి జవాబు వచ్చింది. "అన్నం కాదు, కందిపప్పు. మీరెవ్వలు?"

"నమస్తే మేడం. మీ కుర్చీల కొత్తగ వచ్చిన దాన్ని."

కుక్కర్ ఇంకో కూత పెట్టింది. తర్వాత పెద్ద సిస్టర్ "మంచిది. పోరీలు జర సోమరులు. జాగ్రత్త" అంది.

"లేదు మేడం. మీరు మంచిగ తయారు చేసిన్రు. గది సూస్తెనే తెలుస్తది."

ఆ ఇద్దరూ మా తలల మీదుగా మా గురించి మాట్లాడుకుంటుంటే పెళ్లిచూపుల్లో పిల్లలాగా నిలబడ్డాను. ఇప్పుడు తిట్లు ఖాయం అనుకున్నాను. నిజం చెప్పనా, తిడితే బాగుండుననే అనుకున్నాను. కొత్త సిస్టర్ తిట్టలేదు. నన్ను పక్కకు పిలిచి, "ఫోన్ చెయ్యి, నేను వద్దన. పెద్దమనిషి, తెలిసిన మనిషి. గని చేసే ముందుగాల ఒక్క మాట నాకు చెప్పు. నువ్వేమంటవో అది చెప్పు. తర్వాత చేసుకో" అంది.

ఇంత చిన్న షరతు ఇంత పెద్ద తిప్పలు పెడుతుందనుకోలేదు. నేనేమంటానో చెప్పాలంటే ముందు నేను చూడాలి, పొట్ట మీద చెయ్యి వేయాలి, గుండె వినాలి, ఆ మనిషిని రెండు మాటలు అడగాలి. ఇవన్నీ చేశాక చూస్తే చాలాసార్లు ఫోన్ చేయాల్సిన పనే మిగిలేది కాదు. జూనియర్ సిస్టరైతే ఇంకా ముందుకు పోయింది. ఒకసారి "మేడం, నాకు తెలుస్తలేదు, భయమైతున్నది" అని చెప్పేసింది. ఆ మాట పెద్ద సిస్టర్ కాలంలో అని ఉంటే గోడలు కూలేవి. కొత్త సిస్టర్ "మంచిగ చెప్పినవ్. పద, ఇద్దరం చూద్దాం" అని చెప్పులు విడిచి లోపలికి నడిచింది. చాయ్ మళ్లీ పావుగంటకు వచ్చింది. ఎవరు తగ్గించారో తెలియదు.

ఇక ఆ రోజు సంగతి.

ఆ పడుచుది మెట్‌పల్లి. ఈ వైపు పత్తి చేసే ఇంటికి కోడలుగా వచ్చింది. మొదటి బిడ్డ నెలలు నిండి, నొప్పులొచ్చి, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటుండగా చప్పుడు చేయకుండా పుట్టింది. వేరే ఊళ్లో జరిగింది. ఎందుకలా అయిందో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. పరీక్షలకు వచ్చిన ప్రతిసారీ రక్తం గురించి అడగదు, బరువు గురించి అడగదు. "సిస్టరమ్మా, గీసారి నా బిడ్డ ఏడుస్తదా?" అని ఒక్కటే అడిగేది. నేను "ఏడుస్తది, నీకు నిద్ర లేకుంట ఏడుస్తది, సూడు" అని నవ్వించేదాన్ని. ఇంటికి పోయాక ఆ మాట ఎందుకన్నానా అని నాకే నిద్ర పట్టేది కాదు.

పొద్దున్నే నొప్పులతో వచ్చింది. మధ్యాహ్నానికి నొప్పులు సన్నగిల్లాయి. బయట బెంచీ మీద అత్త కొడుక్కు ఫోన్లో నిమిషనిమిషం వార్తలు చెబుతోంది. నాకు ధైర్యం చాలలేదు. కొత్త సిస్టర్‌కు చెప్పాలన్న షరతు కూడా మర్చిపోయి నేరుగా కరీంనగర్‌కు కలిపాను.

"మొదటి బిడ్డ పోయిన కేసా? బల్ల మీద పండబెట్టు. కదలనియ్యకు. నొప్పులు పెంచే సూది ఎక్కించు. గసొంటి కేసుల ఆలస్యం పనికిరాదు" అంది పెద్ద సిస్టర్.

పడుకోబెట్టాను. ఆమె పైకప్పు చూస్తూ రెండు చేతులతో బల్ల అంచులు పట్టుకుంది. ఉన్న కాస్త నొప్పులూ ఆగాయి. సూది మందు తీద్దామని అలమర దగ్గరికి పోతుంటే కొత్త సిస్టర్ లోపలికొచ్చింది. ఆ పడుచు నుదుటి మీద చెయ్యి వేసింది, బిడ్డ గుండె వింది, నా వైపు తిరిగింది. ఏమడుగుతుందో నాకు తెలుసు.

"నువ్వేమంటవ్ బాయి?"

నాకు ఒళ్లు మండింది. ఇట్లాంటప్పుడు కూడానా! జీతం ఆమెకు ఎక్కువ, అనుభవం ఆమెకు ఎక్కువ, చెప్పొచ్చు కదా! ఆ కోపంలోనే నోట్లోంచి మాట ఊడిపడింది.

"లేపాలె మేడం. ఉమ్మనీళ్లు తేటగ ఉన్నయ్, గుండె మంచిగ కొట్టుకుంటున్నది. ఈమె భయంతోని బిగుసుకపోయింది, గంతే. లేపి నడిపియ్యాలె. సూది వద్దు."

"ఎవ్వలు లేపుమన్నరే?" అలమర మీది నుంచి పిడుగు. "పండబెట్టు అంటున్న గదా!"

అప్పుడు నాకొకటి తట్టింది. ఆమె చెప్పేది తప్పని కాదు. ఆమెకు ఈ పడుచు చేతులు కనబడవు, బల్ల అంచుల మీద తెల్లబడ్డ ఈ వేళ్లు కనబడవు. నాకు కనబడుతున్నాయి. "మేడం, నేను మల్ల చేస్త" అన్నాను. ఎర్ర గుండీ నొక్కాను.

ఆయమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని "అవ్వో, పెద్ద మేడం ఫోన్ కట్ చేసినవా?" అంది. బల్ల మీదున్న ఆమె కూడా తల తిప్పి నన్ను చూసింది. ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు, ఆపే ధైర్యం అంతకంటే లేదు. చివరికి ఆయమ్మ దాని మీద ఒక తువ్వాల కప్పింది. తువ్వాల కింద అది చాలాసేపు గునిసింది.

కొత్త సిస్టర్ ఇదేమీ పట్టించుకోలేదు. "మంచిది బాయి, నువ్వు చెయ్యి. నేను డాక్టరమ్మకు చెప్పొస్త. అంబులెన్స్ గేటు కాడ ఉంచుమంట" అని పోయింది.

అత్తను లోపలికి పిలిచాం. ఒక భుజం అత్త మీద, ఒక భుజం ఆయమ్మ మీద వేసి వరండాలో నడిపించాం. చాయ్ తాగించాం. నొప్పులు తిరిగొచ్చాయి. ఇంకాసేపటికి ఆమె మొగుణ్ని తిట్టడం మొదలుపెట్టింది. అత్త చెవిలో ఫోన్ అట్లాగే ఉంది కాబట్టి అవి దుబాయి దాకా సరిగ్గా చేరాయి. అటునుంచి ఆయన "తిట్టనియ్యి అవ్వా, తిట్టనియ్యి" అంటున్నాడు. కోడలు కొడుకును తిడుతుంటే అత్త సంబరంగా నవ్వడం నేను అక్కడే చూశాను.

లోపల నేల మీద పరుపు వేశాం. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అత్త నడుము పట్టుకుంది. బిడ్డ తల కనబడుతోంది. జూనియర్ సిస్టర్ చిన్న మెషిన్ పొట్టకు ఆనించి గుండె వింటోంది. ఒక నొప్పి వచ్చి పోయింది.

"తగ్గుతున్నది. గుండె తగ్గుతున్నది, మల్ల లేస్తలేదు."

అంతే అంది. అంతా మంచిగనే ఉన్నది అనలేదు, గానీ అనలేదు. ఎవరి మొహమూ చూడలేదు. ఇంకొంచెం చూద్దాం అనుకోలేదు. ఆ ఒక్క మాట అంత తొందరగా రావడం వల్లే మాకు సమయం దొరికింది. పడుచును ఎడమ పక్కకు తిప్పాం, ఆక్సిజన్ పెట్టాం. గుండె లేచింది. కొత్త సిస్టర్ వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. ఈసారి ఏమీ అడగలేదు. "నేనున్న. కానియ్యి" అంది.

తర్వాతి నొప్పికి బిడ్డ వచ్చింది. మెడ చుట్టూ పేగు. తీశాను. బిడ్డ ఏడవలేదు.

"ఏడుస్తలేదేంది?" అంది తల్లి. ఆ గొంతు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "అత్తమ్మా, ఏడుస్తలేదేంది?"

ఒళ్లు తుడిచాను, వీపు రుద్దాను. ఏడవలేదు. మోకాళ్ల మీద లేచాను, నా చెయ్యి వెనక్కి అలమర మీదికి పోయింది. చూడకుండానే పోయింది. డ్రమ్ముకు ఎడమ పక్కన, పొద్దున నొక్కి చూసి పెట్టిన బ్యాగు అక్కడే ఉంది. కుడి పక్కన పెట్టినందుకు తిన్న తిట్లన్నీ ఆ క్షణం నా వేళ్లలో ఉన్నాయి. మూతికి ఆనించి నొక్కాను. ఇంకోసారి, ఇంకోసారి. చిన్న ఛాతీ లేచింది. కాళ్లు ముడుచుకున్నాయి. ముందు దగ్గు లాంటి చప్పుడు వచ్చింది, తర్వాత ఆసుపత్రి గేటు దాకా వినిపించే ఏడుపు. ఆడపిల్ల.

తల్లి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అత్త ఫోన్లోకి "ఇన్నవా? ఇన్నవా బిడ్డా?" అని అరుస్తోంది. నేనైతే ఏడ్చాను. అందరిముందే ఏడ్చాను. డాక్టరమ్మ పరుగున వచ్చి, ఏడుస్తున్న బిడ్డను చూసి, ఏడుస్తున్న నన్ను చూసి, ముందు ఎవరిని పరీక్ష చేయాలో తేల్చుకోలేక నిలబడింది.

అన్నీ సర్దాక తువ్వాల తీశాను. కొత్త సిస్టర్ "చెయ్యి. ఎదురుచూస్తుంటది" అంది. పిల్లి మెడలో గంట కట్టే వంతు నాదే. బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి తల్లి రొమ్ముకు పెట్టే ముందు ఒక చేత్తో ఎత్తుకుని, ఇంకో చేత్తో కరీంనగర్‌కు కలిపాను.

మొదటి రింగుకే ఎత్తింది. చెప్పు అనలేదు. అటువైపు కుక్కర్ లేదు, పోపు లేదు, సీరియల్ లేదు. పొయ్యి ఆర్పేసి, టీవీ కట్టేసి, ఇంతసేపూ ఫోను ముందు పెట్టుకుని కూర్చుందని నాకప్పుడు అర్థమైంది. అసలు రిటైరైన రోజు నుంచీ అట్లాగే కూర్చుందేమో.

"మేడం..." అన్నాను. "ముందుగాల ఏడ్వలే మేడం, బ్యాగు ఎడమ పక్కనే ఉండె, నేను..."

"ఏం చెప్పకు" అంది పెద్ద సిస్టర్. ఆమె గొంతు అంత మెల్లగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. "ఏడుస్తున్నది గదా? జర ఇంకింత వినిపియ్యి."

ఫోన్ బిడ్డ మూతి దగ్గర పట్టుకున్నాను. బిడ్డ ఏడుస్తూనే ఉంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా పట్టుకుని నిలబడ్డాను. ఆమె కట్ చేయలేదు, నేనూ కట్ చేయలేదు.